పదిహేడో నంబరు బిళ్ళ

కొమరయ్య నూరిన పొడికి వంక పెట్టిన మనిషి లేడు, చివరికి తానే పెట్టుకునేదాకా.

నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి పదహారేళ్ల వయసులో పట్నం వచ్చి, సైదాబాద్‌లో ఒక హకీము సాబు దుకాణంలో మందులు నూరే పనికి కుదిరాడు. పన్నెండేళ్లు నూరాడు. కల్వం ముందు ఎట్ల కూర్చోవాలి, రాయి ఎటు తిప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నీ సాబే నేర్పాడు. ఆయన చెప్పిన వాటిలో ఒకటి మాత్రం అప్పట్లో చాదస్తంలా అనిపించేది. కల్వంలో ఈగ వాలినా, నుదుటి చెమట చుక్క జారినా మందంతా పారబోయాల్సిందే. పడినదాన్ని తీసేసి మళ్లీ నూరుతానంటే ఒప్పుకునేవాడు కాదు.

"కండ్లకు కనబడ్డదే తీస్తవ్ రా నువ్వు. కనబడంది బీమారోని కడుపులకు పోతది."

సాబు పోయాడు, దుకాణం మూతపడింది. కొమరయ్య ఎల్బీ నగర్ అవతల సాగర్ రోడ్డు మీది ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కావలి పనికి చేరాడు. ఆ కాలేజీ వెనక వైపు రెండు గదుల్లో, ఢిల్లీ నుంచి వచ్చిన ప్రాజెక్టు కింద ఒక లేజరు యంత్రం పెట్టారు. దానికి పెద్ద రామారావు సారు. తెనాలి వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా కొత్తపేటలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. ఒకనాడు అక్కడి విద్యార్థులు రాతి కల్వంలో పొడిని దంచుతుంటే కిటికీలోంచి చూసిన కొమరయ్య ఉండబట్టలేకపోయాడు.

"జర ఇటియ్యిండ్రి. గట్ల దంచుతే అది పొడా, పచ్చడా?"

ఆయన నూరిన పొడితో చేసిన బిళ్ళ మొదటిసారి పగుళ్లు లేకుండా వచ్చింది. రామారావు సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నిన్ను గేటు దగ్గర నిలబెట్టిన వాడెవడయ్యా?" అన్నాడు. మర్నాటి నుంచి కొమరయ్య ల్యాబు మనిషి.

గాజు పలక మీద కంటికి ఆననంత పలచటి పొర వేయడం అక్కడి పని. జింకు ఆక్సైడని తెల్లటి పొడి వస్తుంది, సీసాలో, గోధుమపిండి కంటే మెత్తగా. దాన్ని ఇంకా మెత్తగా నూరి, అచ్చులో పోసి, ప్రెస్సులో నొక్కి, బట్టీలో పన్నెండు వందల డిగ్రీల దగ్గర కాలిస్తే గట్టి బిళ్ళ అవుతుంది. ఆ బిళ్ళను గాలి లాగేసిన ఉక్కు డబ్బాలో బిగించి, చిన్న కిటికీ గుండా లేజరుతో కొడతారు. సెకనుకు పది దెబ్బలు, తక తక తకమని. ప్రతి దెబ్బకూ బిళ్ళ మీంచి ఊదారంగు మంట ఒకటి నాలుక చాచి ఆరిపోతుంది. చూసేవాళ్లకు అది మంట. కొమరయ్యకు మాత్రం తాను మూడు గంటలు నూరిన పొడి ఆవిరై లేస్తున్నట్టు కనిపించేది. ఎదురుగా వేడి మీద ఉన్న గాజు మీద అదంతా పొరగా కూర్చుంటుంది, వెంట్రుక మందంలో నూరో వంతు కూడా లేకుండా. బిళ్ళలో ఏముంటే పొరలో అదే ఉంటుంది. అందుకే బిళ్ళ శుభ్రంగా ఉండాలి. ప్రతి బిళ్ళకూ నంబరు వేసి, తేదీ వేసి, ఒక నోటుబుక్కులో వాలు అక్షరాలతో రాసుకునేవాడు.

ఆ పొర మీదే నాగేశ్వరి డాక్టరేటు చేస్తుండేది. ఆర్టీసీ డ్రైవరు జంగయ్య కూతురు. వాళ్లు సైదాబాద్‌లో, కొమరయ్య మూసారాంబాగ్‌లో. సాయంత్రం ఒకే బస్సులో వచ్చేవాళ్లు. ఆమె ఆయన్ని కాకా అనేది, ఆయన బిడ్డా అనేవాడు. గాజులా కనిపిస్తూ తీగలా కరెంటు పారించే పొర కావాలి, అందులో వేరే ఏదీ కలపకూడదు, డబ్బాలోకి వదిలే ఆక్సిజన్‌ను ఎక్కువ తక్కువ చేసే సాధించాలి. ఇదీ ఆమె పట్టు. మూడేళ్లయినా పొర తేటగా వచ్చేది, కరెంటు మాత్రం పారేది కాదు.

"నీ పొర మా అత్త లెక్కున్నది బిడ్డా," అనేవాడు కొమరయ్య. "చూస్తానికి తెల్లగ, మంచిగ. ఏమడిగినా ఇయ్యదు."

రెండువేల తొమ్మిది నవంబరు ఆఖర్న ఎల్బీ నగర్ చౌరస్తాలో నల్లగొండ దిక్కు పిల్లవాడొకడు తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నాడు. నాలుగు రోజులకు దవాఖానలో ప్రాణం పోయింది. కొమరయ్య బస్సు రోజూ ఆ చౌరస్తాలో ఆగేది. అక్కడికి రాగానే బస్సులో మాటలు ఆగిపోయేవి. అందరూ ఒక దిక్కే చూస్తుంటే ఆయన తన కాళ్ల దిక్కు చూసుకునేవాడు. వాడి ఊరికీ తన ఊరికీ మధ్య ఎంత దూరమో మనసులోనే లెక్కేసుకునేవాడు.

డిసెంబరు తొమ్మిది రాత్రి తెలంగాణ ఇస్తామని టీవీలో ఢిల్లీ ప్రకటన వచ్చింది. పదో తారీఖు పొద్దున ఆ చౌరస్తాలోనే బస్సులు కదల్లేదు. కదలాలని ఎవరికీ లేదు కూడా. దిగి నడుస్తున్న కొమరయ్యకు గాజులు అమ్ముకునే ఆమె ఒకతె అడ్డం వచ్చింది. గంప నిండా గాజులకు బదులు గులాబీ రంగు గులాల్.

"మేం పెట్టుకోమమ్మా. చర్చికి పోయేటోళ్లం."

"గిది దేవుని గులాల్ గాదు కాకా, తెలంగాణది. జర వంగు, అందుతలేవు."

కొమరయ్య వంగాడు. ఆమె రెండు దోసిళ్ల గులాల్ తల మీద పోసి, పిల్లల నెత్తికి నూనె రాసినట్టు రాసింది. ఎందుకో ఆయనకు కళ్లు తడయ్యాయి.

కాలేజీకి సెలవు ఇచ్చేశారు. రామారావు సారు రాలేదు. కానీ మర్నాటికి కొత్త బిళ్ళ బట్టీలో పెడతానని కొమరయ్య నాగేశ్వరికి మాటిచ్చి ఉన్నాడు. మోచేతుల దాకా సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. తల కడుక్కుందామని నల్లా కింద వంగాడు, మళ్లీ లేచాడు. ఇంకోసారి వంగి, ఇంకోసారి లేచాడు. ఆ పిల్లవాడు కాలిన చోట పడిన రంగు అది. మోరీలోకి ఎట్ల విడవాలి? చివరికి నెత్తికి బట్ట టోపీ గట్టిగా పెట్టుకుని కల్వం ముందు కూర్చున్నాడు.

మూడో గంటలో తల జివ్వున దురద పెట్టింది. ఏమరుపాటున మోచేత్తో టోపీని వెనక్కి జరిపాడు. తెల్లటి పొడి మీద మూడు గులాబీ రవ్వలు కనిపించాయి.

హకీము సాబు మాట గుర్తు రాకపోలేదు. కానీ సీసాలో అదే ఆఖరి పొడి. కొత్త సీసా రావడానికి మూడు నెలలు. పన్నెండు వందల డిగ్రీల బట్టీల గులాలెంత, దాని రంగెంత అనుకున్నాడు. కాగితం మొనతో మూడు రవ్వలనూ జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టి, మళ్లీ నూరాడు. కాలిన బిళ్ళ ఎప్పటిలాగే లేత మీగడ రంగులో వచ్చింది. నోటుబుక్కులో రాశాడు: పదిహేడో నంబరు. నూరుడు మూడు గంటలు. మంచిగున్నది.

మూడు రోజుల తర్వాత రామారావు సారు వచ్చాడు. "ఏవయ్యా కొమరయ్యా, నీ జుట్టు ఇంకా గులాబీగానే ఉందే. మమ్మల్ని ఎప్పుడు బస్సెక్కిస్తున్నారు మరి?" అని నవ్వాడు.

"మిమ్మల్నెవరు పొమ్మన్నరు సార్," అన్నాడు కొమరయ్య. ఆ నవ్వు ఉత్త నవ్వో, ఎత్తిపొడుపో ఆయనకు తెలియలేదు. తెలియకపోవడంతో అది లోపల ముల్లులా ఉండిపోయింది. ఇరవై రోజులు గడవకముందే ప్రకటన వచ్చిన చోటి నుంచే మాట మారింది. మళ్లీ బందులు, మళ్లీ లాఠీలు. గులాల్ సంబరం అంతటితో సరి.

పదిహేడో నంబరు బిళ్ళతో వేసిన పొర మాత్రం కరెంటు పారించింది.

నాగేశ్వరి మొదట మీటరు చెడిపోయిందనుకుంది. మీటరు మార్చి చూసింది. పది పలకలు వేస్తే పదీ అంతే. తను పెట్టిన ఆక్సిజన్ లెక్క ఫలించిందని కూర్చుని ఏడ్చింది. సారు మిఠాయి తెప్పించాడు. చెన్నైలో సభకు పోయి చెప్పివచ్చింది, పేపరు అచ్చయింది. జంగయ్య ఆ పేపరును బస్సులో తన సీటు పైన అంటించుకుని, టికెట్ లేకుండా ఎక్కినవాళ్లకు కూడా చూపించాడు.

దెబ్బ దెబ్బకూ అరిగిపోయే బిళ్ళ అది. రెండువేల పది జూన్‌లో విప్పుతుండగా నాలుగు ముక్కలైంది. కొమరయ్య ఆ ముక్కల్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి, బైబిలు పెట్టుకునే రేకు డబ్బాలో అడుగున పెట్టాడు. యాదికుంటదని అనుకున్నాడు.

పద్దెనిమిదో నంబరు పారించలేదు. పంతొమ్మిది, ఇరవై పారించలేదు. పదిహేడో నంబరు పలకలన్నీ అప్పటికే కొలతల్లో కోసి, కాల్చి అయిపోయాయి. నాగేశ్వరి ఆక్సిజన్ మార్చింది, వేడి మార్చింది, లేజరు అద్దాలన్నీ తుడిపించింది. బందు లేని రోజల్లా ల్యాబులోనే ఉండేది. మనిషి సగమైంది. ఒక మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత కూడా తీయకుండా వచ్చి కల్వం ఎదురుగా కూర్చుంది.

"కాకా, పదిహేడో బిళ్ళ నూరిన్నాడు ఏమన్నా వేరే జేసినవా? యాదికి తెచ్చుకో."

"ఎప్పటి లెక్కనే నూరిన బిడ్డా."

"లే కాకా. ఏదో కలిసింది దాంట్ల. లేకుంటే గట్ల రాదు. నా ఆక్సిజన్‌తోని వచ్చింది గాదు, నాకు సమజైంది. ఆ ముక్కలున్నయా? పరీక్షకు పంపుతే ఒక్క దినంల తేలిపోతది."

కొమరయ్య చేతిలో రాయి ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది ఆయనకు, తన రేకు డబ్బాలో ఉన్నదేమిటో.

"పారేసిన బిడ్డా," అన్నాడు.

మళ్లీ రాయి తిప్పడం మొదలుపెట్టాడు. ఆమె కాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చుని లేచి వెళ్లిపోయింది.

రెండువేల పదకొండు ఎండాకాలంలో ఆమె పని చూడటానికి బయటి నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. కొమరయ్య చాయ్ పట్టుకుని లోపలికి పోయేసరికి, వాళ్లలో ఒకాయన పేపరు మీద వేలుతో కొడుతూ అడుగుతున్నాడు.

"మీరు తప్ప ఇంకెవరూ చూడలేదు, మీకే మళ్లీ రావట్లేదు. నిజం చెప్పమ్మా, కొలిచే రాశావా?"

నాగేశ్వరి గ్రాఫు కాగితాలన్నీ వరసగా పేర్చి, అంచులు సరిచేసి, మళ్లీ విప్పి మళ్లీ పేర్చింది. గడువు అక్టోబరు ఆఖరు అన్నారు. ఈలోగా పొర మళ్లీ వేసి చూపాలి, లేదా పేపరు తప్పని రాసివ్వాలి. తప్పని రాసిస్తే ఐదేళ్ల డాక్టరేటు పోయినట్టే. కొమరయ్య చాయ్ గ్లాసులు బల్ల మీద పెట్టకుండానే పట్టుకుని బయటికి వచ్చాడు.

ఆ సాయంత్రం భార్య కాంతమ్మకు మొత్తం చెప్పాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతూ విన్నది.

"చెప్పరాదు మరి?"

"చెప్తే ఏమంటరు? మీ గులాలే పాడుజేసిందంటరు. సారు సుత నవ్వుతడు. గా పిలగాడు కాలిన తావుల పడ్డ రంగును నవ్వులపాలు జెయ్యమంటవా?"

"సచ్చిన పిలగాడు నవ్వులపాలెట్లయితడు? బతికున్న పిల్ల అయితున్నది గదా."

కొమరయ్య రేపు చెబుతాననుకున్నాడు. రేపు బందు. ఎల్లుండి సారు ఊళ్లో లేడు. ఆ తర్వాత నాగేశ్వరి జ్వరంతో రాలేదు. ఇట్లా ఒక్కొక్క రోజూ తనంతట తాను తప్పుకుంటుంటే, తప్పు తనది కానట్టే ఉండేది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు ఆగింది, కరెంటు కోతలు వచ్చాయి. బట్టీ వేడెక్కకముందే ఆరిపోయేది. లేజరు ముట్టుకోవడానికి లేదు. ఆర్టీసీ బస్సులు కూడా ఆగాయి. నాగేశ్వరి వేసిన ఇరవై మూడో నంబరు బిళ్ళ సగం కాలి, బట్టీలోనే పగిలింది. గడువు అక్టోబరు ఆఖరే. ఒక్క పూట కూడా పెంచలేదు.

అక్టోబరు రెండో వారంలో ఒక పొద్దున కొమరయ్య రేకు డబ్బా చంకన పెట్టుకుని మూసారాంబాగ్ నుంచి సైదాబాద్‌కు నడిచాడు. సమ్మెలో ఉన్న జంగయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు, ఖాకీ ప్యాంటు మీద బనీను.

"రా కొమరన్న. బస్సు లేదని నన్ను తిట్టుకుంట నడిచొచ్చినవా?"

"బిడ్డ ఉన్నదా?"

"ఉన్నది. కరెంటు వస్తలేదు, ఇంక కాదని నిన్ననే పోయి కాగితం ఇచ్చొచ్చింది." జంగయ్య గొంతు తగ్గించాడు. "కొలుచుడు తప్పయిందని రాసిచ్చిందట. ఆమె తప్పు కొలుస్తదా కొమరన్న? నువ్వే చెప్పు. చిన్నప్పుడు పాలోడు గిద్దెడు తక్కువ పోస్తే ఉరికించి మరీ అడిగిన పిల్ల."

కొమరయ్య లోపలికి పోయి, నాగేశ్వరి ముందు కింద కూర్చుని, డబ్బా తెరిచి, బైబిలు తీసి పక్కన పెట్టి, కాగితం విప్పాడు. గులాల్ సంగతి, నల్లా సంగతి, టోపీ సంగతి, మూడు రవ్వల సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె ఒక ముక్కను వెలుతురుకు ఎత్తి చూసింది. లేజరు దెబ్బల గీతలు గుండ్రంగా ఇంకా ఉన్నాయి.

"పారేసినన్నవ్ గదా కాకా," అన్నది.

కొమరయ్య తల వంచుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె ఇంకొకటే అడిగింది.

"ఎన్ని రవ్వలు?"

"కనబడ్డయి మూడు."

ఆమె లెక్కేసుకుంటున్నట్టు పెదవులు కదిపింది. తర్వాత ముక్కల్ని మళ్లీ ఆ కాగితంలోనే చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "సార్‌కు ఇయ్యి. నాకెందుకు ఇప్పుడు," అని లేచి, చాయ్ పెట్టడానికి పోయింది. ఆ చాయ్ తాగడం కొమరయ్య జీవితంలో చేసిన అన్ని పనులకంటే కష్టమైంది.

అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కొత్తపేటకు నడిచాడు. రోడ్డంతా జనం, జెండాలు, డప్పులు. రామారావు సారు వరండాలో నిలబడే మొత్తం విన్నాడు. ముక్కను భూతద్దంతో చూశాడు.

"గులాల్‌లో టాల్కు రాయి పొడి కలుపుతారయ్యా, బరువు కోసం. అందులో మెగ్నీషియం, సిలికాను ఉంటాయి. రంగు కాలిపోతుంది, అవి కాలవు." ముక్కను కాగితంలో పెట్టాడు. "కరెంటు పారించింది ఆ సిలికానే. ఆరోజే చెప్పుంటే ఇదే ఆ పిల్ల థీసిస్ అయ్యేది. ఇంతకంటే మంచి థీసిస్ అయ్యేది. ఎందుకు చెప్పలేదు?"

"మా గులాల్ పాడుజేసిందంటరని సార్."

"ఎవరన్నారు?"

"ఎవరనలే."

"నేనంటాననుకున్నావా?"

రామారావు సారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. "పదేళ్లు కలిసి పనిచేశాం కదయ్యా," అన్నాడు, అంతే.

పరీక్షలో సారు చెప్పినవే తేలాయి. ఆయన రెండు ఉత్తరాలు రాశాడు. తప్పు చేశానని అభ్యర్థి తానే సంతకం పెట్టి ఒప్పుకుంది కాబట్టి ఇక విచారించేది లేదని జవాబు వచ్చింది. నాగేశ్వరి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పడానికి చేరింది. కొమరయ్య మరుసటేడు రిటైరయ్యాడు. నోటుబుక్కు సారుకు అప్పగించే ముందు పదిహేడో నంబరు దగ్గర 'మంచిగున్నది' కొట్టేసి, 'గులాల్ పడ్డది' అని రాశాడు.

రెండువేల పద్నాలుగు జూన్ రెండు. రాష్ట్రం వచ్చిన రోజు. కాంతమ్మ మందుల కోసం దిల్‌సుఖ్‌నగర్ పోయిన కొమరయ్య, కొత్తగా లేచిన మెట్రో స్తంభాల నీడలో నడుస్తూ, ఎదురొచ్చిన వాళ్లందరి నుంచీ తల తప్పించుకుంటున్నాడు. నెత్తికి తువ్వాలు చుట్టుకున్నాడు. కోచింగ్ సెంటరు మెట్ల దగ్గర పిల్లలు గుంపుగా గులాల్ చల్లుకుంటున్నారు. వాళ్ల మధ్య నాగేశ్వరి. జుట్టులో అప్పుడే రెండు మూడు తెల్ల వెంట్రుకలు. ఆమే మొదట చూసింది. ఆయన పక్కకు తిరిగేలోపు దగ్గరికి వచ్చింది.

"తువ్వాలు తియ్యి కాకా."

"వద్దు బిడ్డా."

"ఇయ్యాల నూరేదేం లేదు గదా. జర వంగు."

కొమరయ్య తువ్వాలు తీసి వంగాడు. ఆమె చేతిలో ఉన్నదంతా తల మీద పోసింది. ఒకసారి నిమిరింది. పైనుంచి ఎవరో "మేడం, క్లాసు" అని పిలిస్తే మెట్లెక్కి పోయింది. వెనక్కి చూడలేదు.

ఇంటికి వచ్చాక కాంతమ్మ ఆయన్ని వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, ఒళ్లో తెల్ల కాగితం పరిచి, దువ్వెనతో తల దువ్వింది. గులాల్ కాగితం మీద రాలుతోంది. కాంతమ్మ దులిపేయబోతే ఆగమన్నాడు. ఆ కాగితం అంచును సన్నగా చింపి మొన చేసి, ఒక్కొక్క రవ్వనూ పక్కకు జరపసాగాడు. మూడు జరిపాడు. ఇంకా చాలా ఉన్నాయి. పొద్దుగుంకేదాకా అట్లాగే కూర్చున్నాడు.